ముందు బయాన్, తర్వాతే ఫైసలా

బక్రీద్ మూడో రోజు మా ఇంట్లో దావత్. నాకు ఆపా వరసయ్యే ఒకామె మా బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని ప్యార్‌గా అడిగింది, "క్యా పఢ్ రై బేటీ?" అని. పన్నెండో క్లాసు అని చెప్పింది మా పిల్ల. ఎంపీసీనా, బైపీసీనా అని ఆపా తరువాతి సవాల్. రెండూ కాదు ఫుప్పూ, సీబీఎస్ఈ స్కూల్లో హ్యుమానిటీస్, అందులో సైకాలజీ కూడా ఉంది అంది పిల్ల.

"సైకాలజీ? పాగలాఁ కా డాక్టర్ బన్తీ క్యా?"

దస్తర్‌ఖాన్ చుట్టూ అందరూ నవ్వారు. పిచ్చోళ్ల డాక్టర్‌వి అవుతావా అనేది మన దగ్గర పెద్ద జోకే మరి. నేనూ నవ్వాను. మా పిల్ల మాత్రం నవ్వలేదు. నా వైపు ఒక్కసారి చూసి, బిర్యానీ ప్లేటు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ చూపు నన్ను ఇన్ని రోజులు వదలకపోబట్టే ఇది రాస్తున్నాను.

మన మొహల్లాలో సైకాలజీ గురించి రెండు ఖయాల్‌లు ఉన్నాయి. లెక్కలు రాని పిల్లలు తీసుకునే ఆసాన్ సబ్జెక్ట్ అన్నది ఒకటి. దాంతో రోటీ దొరకదన్నది రెండోది. రోటీ సంగతి తరువాత మాట్లాడుకుందాం. ఆసాన్ అన్న మాట మాత్రం పచ్చి ఝూట్. ఒక ఏడాదిన్నరగా మా ఇంట్లో ఆ కితాబ్ తెరిచే ఉంటోంది. అందులో బాగా రాణించడం అంటే ఏమిటో పిల్లతో పాటు నేనూ నేర్చుకున్నాను. నేర్చుకున్నాక నా పాత తప్పొకటి కళ్ల ముందుకొచ్చింది.

ముందు నంబర్ల సంగతే చెప్తాను. మనోళ్లు అడిగేది అదే కదా.

సీబీఎస్ఈలో సైకాలజీకి 70 మార్కులు థియరీ, 30 మార్కులు ప్రాక్టికల్. హాఫ్ ఇయర్లీలో మా పిల్లకు థియరీలో 41 వచ్చాయి. కష్టపడలేదని కాదు. రాత్రి పన్నెండు దాకా కూర్చునేది. పుస్తకం నిండా పసుపు రంగు హైలైటర్. పేజీలకు పేజీలు చదివేది, మళ్లీ చదివేది. అడిగితే అంతా వచ్చు అబ్బా అనేది. ఆ పేపర్ తెచ్చి నా ముందు పెట్టినప్పుడు ఏడ్చింది. "చదివిందే వచ్చింది అబ్బా, కానీ అడిగిన తీరు వేరే" అంది.

నాకు నవ్వొచ్చింది, బాధా వేసింది. ఎందుకంటే అది నా కహానీ కూడా. మహబూబ్‌నగర్‌లో నేను చదివిన ఉర్దూ మీడియం స్కూల్లో సబక్ అంటే రట్టానే. ఉస్తాద్ ముందు నిలబడి గుక్క తిప్పుకోకుండా అప్పజెప్తే షాబాష్. ఆగితే బెత్తం. ఆ రట్టాతోనే పదో క్లాసు గట్టెక్కాను. డిగ్రీలో తెలుగు తీసుకున్నప్పుడు మొదటి పేపర్‌లో బోల్తా పడ్డాను. పద్యం మొత్తం నోటికొచ్చు, దాని మీద రెండు మాటలు సొంతంగా రాయమంటే కలం కదల్లేదు.

తమాషా ఏమిటంటే, ఈ రట్టా ఎందుకు పని చేయదో సైకాలజీ పుస్తకమే చెప్తుంది. పదకొండో క్లాసులో జ్ఞాపకశక్తి మీద ఒక పాఠం ఉంది. జర్మనీలో ఎబ్బింగ్‌హాస్ అనే ఆయన అర్థం లేని అక్షరాల ముక్కలు తనే బట్టీ పట్టి, ఎంతసేపటికి ఎంత మరచిపోతున్నాడో లెక్క రాసుకున్నాడు. 1885లో ఆ కితాబ్ వేశాడు. ఆయన తేల్చింది ఏమిటంటే, మరపు మొదటి కొన్ని గంటల్లోనే దండిగా జరిగిపోతుంది, ఆ తరువాత నెమ్మదిస్తుంది. అంటే రేపటికి సగం పోయేదాన్ని ఈ రాత్రంతా కూర్చుని నింపుకుంటున్నామన్న మాట.

అమెరికాలో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు 2006లో చేసిన ప్రయోగం ఇంకా సాఫ్‌గా ఉంది. కొందరు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి రెండుసార్లు చదివించారు. ఇంకొందరితో ఒకసారి చదివించి, రెండోసారి పుస్తకం మూసి గుర్తున్నంత రాయమన్నారు. ఐదు నిమిషాల తరువాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్లే ముందున్నారు. వాళ్లకు 81 శాతం, రెండో గుంపుకు 75. వారం తరువాత పెడితే లెక్క తలకిందులైంది. పుస్తకం మూసి రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది, మళ్లీ మళ్లీ చదివినవాళ్లకు 42.

ఇది చదివాక మా ఇంట్లో దస్తూర్ మారింది. హైలైటర్ బంద్. సబక్ ఒకసారి చదివి కితాబ్ మూసెయ్యాలి. తెల్ల కాగితం మీద గుర్తున్నంత రాయాలి. తరువాత తెరిచి, వదిలేసింది ఎర్ర పెన్నుతో రాసుకోవాలి. అదే పాఠం మూడో రోజు మళ్లీ, వారానికి మళ్లీ. మొదటి వారం పిల్ల చాలా నారాజ్ అయింది. చదువుతుంటే వచ్చినట్టే ఉంటుంది అబ్బా, మూస్తే ఏమీ రాదు అని. అదే కదా బేటీ సబక్! వచ్చినట్టు అనిపించడం వేరు, రావడం వేరు. ఇమ్తెహాన్ హాల్లో అనిపించడానికి నంబర్లు ఇవ్వరు.

అయితే గుర్తుంచుకుంటే సరిపోతుందా? సరిపోదు. ఆ సబ్జెక్టులో ప్రశ్నలు ఎక్కువగా ఒక మనిషి కథలా వస్తాయి. ఫలానా అబ్బాయి ఇలా చేశాడు, దీన్ని ఏ సిద్ధాంతంతో వివరిస్తావు అని. నిర్వచనం ఒక్కటే తెలిసిన పిల్ల అక్కడ ఆగిపోతుంది. దీనికి మా ఇంట్లో దొరికిన ఇలాజ్ మన గల్లీయే.

పావ్‌లోవ్ కుక్క కథ అందరికీ తెలుసు. చప్పుడు వినిపించాక తిండి పెట్టడం అలవాటు చేస్తే, చివరికి ఉత్త చప్పుడుకే లాలాజలం ఊరుతుంది. మా పిల్ల దాన్ని పుస్తకంలో ఉన్నట్టే నాలుగుసార్లు రాసింది, నాలుగుసార్లూ ఏది ఏ ఉద్దీపనో కలిపేసింది. అప్పుడు వాళ్ల అమ్మీ అంది, "రంజాన్‌లో సైరన్ మోగుతుంది కదే, ఖజూర్ నోట్లో పడకముందే నోరూరదా?" అంతే, పిల్ల ముఖం వెలిగింది. ఖజూర్ సహజ ఉద్దీపన. సైరన్ మొదట్లో ఉత్త చప్పుడే, ఖజూర్‌తో జోడై జోడై తనే ఉద్దీపన అయింది. ఈద్ అయిపోయాక నెలల తరబడి సైరన్ మోగినా తిండి రాకపోతే నోరూరడం తగ్గిపోతుంది. దానికీ పుస్తకంలో పేరుంది, విలుప్తి. ఇంక ఆ పాఠం పిల్ల మరచిపోతే ఒట్టు.

ఇంకొకటి. నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటే శిక్ష అని క్లాసులో సగం మంది రాస్తారట. కాదు. అమ్మీ గది సర్దమని పొద్దున్నుంచి సణుగుతోంది. సర్దగానే సణుగుడు ఆగిపోయింది. చిరాకు పెట్టేది ఆగింది కాబట్టి రేపు ఇంకాస్త ముందే సర్దుతావు. ఇది నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్. సర్దలేదని ఫోన్ లాక్కుంటే అది శిక్ష. ఒకటి పనిని పెంచడానికి, ఇంకొకటి తగ్గించడానికి. ఇలా ప్రతి మాటకూ మన ఇంట్లోంచో గల్లీలోంచో ఒక మిసాల్ వెతికి నోట్‌బుక్‌లో రాసుకోమన్నాను. ప్రీబోర్డులో 58 వచ్చాయి. 70కి 70 రాలేదు, కానీ ఈసారి ఏడవలేదు.

ఇక్కడిదాకా నంబర్ల కథ. అసలు సంగతి ప్రాక్టికల్ దగ్గర మొదలైంది.

పన్నెండో క్లాసులో పిల్లలు ఒక కేస్ ప్రొఫైల్ తయారు చేయాలి. ఒక మనిషిని దగ్గరగా గమనించి, మాట్లాడి, రాయాలి. మా పిల్ల మా పక్కింటి అమ్మాయిని ఎంచుకుంది. ఏడో క్లాసు దాకా ఉర్దూ మీడియం, ఈ ఏడు ఇంగ్లిష్ మీడియంలో చేరింది. ఆ అమ్మాయి దగ్గర, వాళ్ల అమ్మీ దగ్గర ఇజాజత్ తీసుకుంది. పేరు మార్చింది. మూడు పేజీలు చక్కగా రాసి మేడమ్‌కు చూపించింది. మేడమ్ తిప్పి పంపింది.

ఎందుకు? మొదటి వాక్యంలోనే ఆ అమ్మాయికి షర్మ్ ఎక్కువ, ఆత్మవిశ్వాసం తక్కువ అని రాసింది. మేడమ్ ఆ రెండు మాటల కింద గీత గీసి, ఇది నీ తీర్పు, నువ్వు చూసింది ఏమిటి అని రాసిందట.

మా పిల్ల మళ్లీ వెళ్లింది. నాలుగు సాయంత్రాలు కూర్చుంది. రెండోసారి రాసినదాంట్లో ఆ మాటలు లేవు. ఇంగ్లిష్‌లో అడిగితే నేల చూస్తుంది, ఒక్క మాటతో జవాబ్ ఇస్తుంది. అదే సవాల్ ఉర్దూలో అడిగితే తలెత్తి నాలుగు వాక్యాలు చెప్తుంది, చేతులు కూడా కదులుతాయి. తమ్ముడికి లెక్కలు చెప్పేటప్పుడు గొంతు పెద్దది. అని రాసింది.

చదివి నేను చాలాసేపు ఖామోష్‌గా ఉండిపోయాను. ఈ పిల్లకు షర్మ్ ఎక్కడుంది? ఒక జబాన్‌లో ఉంది, ఇంకో జబాన్‌లో లేదు. మొదటి కాగితం చదివిన టీచర్ ఆ అమ్మాయిని వెనక బెంచీలో కూర్చోబెడుతుంది. రెండోది చదివిన టీచర్ ఉర్దూలో ఒక సవాల్ అడిగి చూస్తుంది. మనిషి మారలేదు, రాసిన తీరు మారింది. ఇరవై ఏళ్లకు పైగా ఖబర్లు రాస్తున్న నాకు, పత్రికాఫీసులో ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు. ముందు బయాన్, తర్వాతే ఫైసలా. చూసింది చెప్పు, తీర్పు తరువాత.

సైకాలజీలో బాగా చదవడం అంటే నా దృష్టిలో ఇదే. మిగతావన్నీ దీని తరువాతే.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి.

నాకు ఒక భాయిజాన్ ఉన్నాడు. నాకంటే ఆరేళ్లు పెద్ద. మా పిల్లకు బడే అబ్బా. ఊళ్లో అమ్మీ దగ్గర ఉంటాడు. ఇరవై ఐదేళ్ల వయసులో ఆయనకు ఏదో మొదలైంది. ఎవరో పిలుస్తున్నారని అర్ధరాత్రి లేచి తలుపు తీసేవాడు. తరువాత తరువాత మాట తగ్గింది, స్నానం తగ్గింది, రోజంతా ఒకే మూల. మేం చేసింది ఏమిటి? మొదటి రోజునుంచీ ఫైసలాలే. అమ్మీ అసర్ అంది. ఖాలా నజర్ అంది. అబ్బా కామ్‌చోర్ అన్నారు. గల్లీలో ఎర్రగడ్డకు పంపండి అన్నారు. హైదరాబాద్ చుట్టుపక్కల ఆ పేటకు ఆస్పత్రి అని కాక, తిట్టు అనే అర్థం వచ్చేసింది పాపం. నేను? నేను నాటకం అన్నాను. డిగ్రీ చదువుతున్నవాణ్ని, నాకు సబ్ కుఛ్ మాలూమ్ కదా.

తావీజ్‌లు అయ్యాక ఒక చోటికి తీసుకెళ్లాం. అక్కడ రాత్రిళ్లు కాలికి గొలుసు వేసేవాళ్లు. పారిపోకుండా అన్నారు. ఆ తాళంచెవి కొన్నాళ్లు నా జేబులోనే ఉంది.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా చుట్టుపక్కల ప్రైవేటుగా నడిచే ఒక ఆశ్రయంలో మంటలు లేచాయి. గొలుసులతో కట్టేసిన 28 మంది తప్పించుకోలేక చనిపోయారు. అప్పుడు నేను ఒక పత్రికలో కొత్తగా చేరిన సబ్ ఎడిటర్‌ని. ఆ ఖబర్ తర్జుమా చేయమని నా బల్ల మీదకే వచ్చింది. గొలుసు అనే మాట దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. తెల్లారి మొదటి బస్సుకు వెళ్లి భాయిజాన్‌ను ఇంటికి తెచ్చాను. సర్కారీ దవాఖానాలో చూపించాం. గోలీలు వేసుకున్న రెండేళ్లు కాస్త తేరుకున్నాడు. నిద్ర ఎక్కువైందని, లోగాఁ క్యా బోల్తే అని, మళ్లీ మానేశాం. అప్పటినుంచి మా ఇంట్లో ఆయన గురించి ఎవరూ మాట్లాడరు.

మా పిల్ల కేస్ ప్రొఫైల్ కోసం మొదట అడిగింది బడే అబ్బా గురించే. మేడమ్ వద్దంది. సొంత ఇంటి మనిషి, పైగా జబ్బు ఉందేమో అన్న మనిషి, ఇది స్కూలు పిల్లల పని కాదు అందట. సరైన మాటే అది. కానీ పిల్ల మనోరుగ్మతల పాఠం చదివి నా దగ్గరికి వచ్చింది. ఒక ప్రవర్తనను రుగ్మత అనాలంటే నాలుగు విషయాలు చూస్తారట. చుట్టూ ఉన్న సమాజం తీరుకు భిన్నంగా ఉందా, ఆ మనిషికి బాధగా ఉందా, రోజువారీ పనులు కుంటుపడుతున్నాయా, తనకో ఇతరులకో ప్రమాదం ఉందా అని. కొన్ని జబ్బుల్లో ఏ పనీ మొదలుపెట్టే శక్తే ఉండదట. అది కూడా లక్షణమేనట.

"అబ్బా, బడే అబ్బాకు ఫలానా జబ్బు అని నేను అనడం లేదు. అది డాక్టర్ చెప్పాలి. కానీ కామ్‌చోర్ అని మీరు ఎలా చెప్పారు?"

నా దగ్గర జవాబ్ లేదు. ఆ ప్రశ్నకు నంబర్లు వేయాలంటే నేను 70కి 70 వేసేవాణ్ని.

కొందరు అంటారు, పదిహేడేళ్ల పిల్లలకు ఈ ఇల్మ్ ఇస్తే ప్రతివాడికీ ఒక జబ్బు పేరు అంటగడతారని. ఆ భయం నిజమే. పాఠం చదివిన వారంలో క్లాసంతా తమకు ఆ జబ్బే ఉందనుకోవడం మామూలు. నీట్‌గా ఉండేవాణ్ని ఓసీడీ అనడం, దిగులుగా ఉన్నవాణ్ని డిప్రెషన్ అనడం ఇప్పుడు పిల్లల భాషే అయిపోయింది. దీనికి ఇలాజ్ సబ్జెక్టు మానేయడం కాదు, సరిగ్గా చెప్పడం. పేరు అంటగట్టడం చదువు తక్కువైనవాడి పని అని మొదటి రోజే చెప్పాలి. మా పిల్ల మేడమ్ చేసింది అదే. అసలు లేబుళ్లు వేయడంలో మన తరమేం తక్కువ తిన్నది? పాగల్, అసర్, నాటక్. మనం ఏ సిలబస్‌లో నేర్చుకున్నాం ఇవి?

ఇంకొందరు ఇది మనది కాదు, ఫిరంగీల ఇల్మ్ అంటారు. వెయ్యేళ్ల కిందటే బల్ఖ్ నుంచి వచ్చిన అబూ జైద్ అల్ బల్ఖీ ఒక కితాబ్ రాశాడు. అందులో ఒక భాగం బదన్ బాగోగులకు, ఇంకో భాగం నఫ్స్ బాగోగులకు. ఒంటికి జబ్బు చేసినట్టే మనసుకూ చేస్తుంది, దానికీ ఇలాజ్ ఉంది అని రాశాడు. సైకాలజీకి ఉర్దూలో నఫ్సియాత్ అంటాం కదా, ఆ మాట ఆ నఫ్స్‌లోంచి వచ్చిందే. ఇంతకీ మన హైదరాబాద్‌లోనే 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మీడియంతో మొదలైంది. దానికోసం దారుల్ తర్జుమా పెట్టి ప్రపంచంలోని ఇల్మ్‌ను ఉర్దూలోకి తెచ్చుకున్నాం. ఏ ఇల్మూ పరాయిది కాదని అప్పుడు తెలిసింది, ఇప్పుడు మరచిపోయాం. అది ఎబ్బింగ్‌హాస్ చెప్పిన మరపు కంటే పెద్ద మరపు.

అందుకే మాబాప్‌లకు నా దర్ఖాస్త్. మీ బిడ్డ సైకాలజీ తీసుకుంటానంటే లెక్కలకు భయపడిందని ఫైసలా చేయకండి. ఎందుకు అని అడగండి, జవాబ్ పూర్తిగా వినండి. రోటీ అంటారా, కౌన్సెలర్లు, సోషల్ వర్కర్లు, టీచర్లు, క్లినికల్ సైకాలజిస్టులు, అన్నిటికీ ఇది దారే. పైచదువు పొడుగ్గా ఉంటుంది, అది దాచను. ఇంగ్లిష్ కష్టమైతే సబక్ ముందు ఉర్దూలోనో తెలుగులోనో ఇంట్లో చెప్పించుకోండి. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే దానికి వచ్చినట్టే. ఇంగ్లిష్‌లో రాయడం తరువాతి మెట్టు. అన్నిటికంటే ముఖ్యంగా, బిడ్డ ఇంటి గురించి ఏదైనా అడిగితే నోరు మూయించకండి. స్కూల్లో ప్రతిదీ గమనించమని చెప్పి, ఇంట్లో కళ్లు మూసుకోమంటే ఆ పిల్ల ఏం చదవగలదు?

మనసు బాధలకు 2017లోనే చట్టం వచ్చింది. మనిషిని గొలుసుతో కట్టడం ఇప్పుడు నిషేధం. 14416కు ఫోన్ చేస్తే సర్కార్ తరఫున మాట్లాడేవాళ్లున్నారు. ఈ సంగతి నాకు నా పిల్ల నోట్‌బుక్‌లో కనిపించింది. జర్నలిస్టును నేను!

పోయిన ఆదివారం నేను, పిల్ల కలిసి ఊరికి వెళ్లాం. భాయిజాన్ ఎప్పటి మూలలోనే ఉన్నాడు. రాత్రి నిద్ర ఎలా పడుతోంది భాయిజాన్ అని అడిగాను. ఇరవై ఏళ్లలో నేను ఆయన్ని అడిగిన మొదటి సవాల్ అది. చాలాసేపటికి, "తెల్లారుజామున మెలకువ వస్తది. మళ్లీ రాదు" అన్నాడు. ఇంకేమీ అనలేదు. నేనూ సలహా ఏమీ చెప్పలేదు. బయటికి వచ్చి ఆ రెండు మాటలూ ఉన్నవి ఉన్నట్టు డైరీలో రాసుకున్నాను. గురువారం దవాఖానాలో డాక్టర్‌కు చూపించాలి. భాయిజాన్ వస్తానన్నాడు.

ఆపా మళ్లీ దావత్‌కు వస్తుంది. ఈసారి ఆ జోక్‌కు నేను నవ్వను.